టోక్యో బిజినెస్ హోటల్లో బస: గది వెతకడం నుంచి తాళం తిరిగిచ్చే దాకా

హైదరాబాద్‌లో బిజినెస్ హోటల్ అంటే గాజు లాబీ, మీటింగ్ హాళ్లు, తలుపు తీసి నమస్కారం పెట్టే మనిషి గుర్తొస్తారు. జపాన్‌లో అదే మాటకు అర్థం వేరు. కంపెనీ పని మీద ఊరొచ్చిన ఉద్యోగి రాత్రి పదింటికి వచ్చి, స్నానం చేసి, పడుకుని, పొద్దున ఏడింటికల్లా వెళ్లిపోవడానికి కట్టిన ఇరుకు గదుల మేడ అది. స్టేషన్‌కు దగ్గరగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, చవగ్గా ఉంటుంది. గది సర్వీసు ఉండదు, బ్యాగు మోసేవాడు ఉండడు, టిప్పు అన్న మాటే లేదు. ఈ పద్ధతికి పేరుపడ్డ తొయోకో ఇన్ మొదటి హోటల్ 1986లో టోక్యో దక్షిణాన కమతలో తెరిచింది. అపా, సూపర్ హోటల్, డార్మీ ఇన్, రూట్ ఇన్, కంఫర్ట్ హోటల్ కూడా కాస్త అటూ ఇటూగా ఇదే జాతి.

ఆన్‌సైట్ పని మీద వచ్చి, అపార్ట్‌మెంట్ దొరికేదాకా ఇలాంటి గదుల్లో వారాల తరబడి ఉన్నాను. మొదటి రెండు రోజులు గదిని తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది: గదిలో లేనిది కింది అంతస్తులోనో, పక్క సందులోనో ఉంటుంది. మేడ మొత్తాన్ని ఇల్లుగా, గదిని అందులో పడకటింటిగా వాడుకుంటే ఇబ్బంది లేదు. ఈ లెక్కతోనే కింది సంగతులన్నీ చదవండి.

1. గది ఎంచుకోవడం

ఫొటోలు చూడకండి, చదరపు మీటర్లు చూడండి. ఫొటో తీసేవాడు గుమ్మంలో నిలబడి వెడల్పు లెన్సుతో తీస్తాడు, పన్నెండు మీటర్ల గది కల్యాణ మండపంలా కనిపిస్తుంది. ఒక్కరి గది మామూలుగా 11 నుంచి 13 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు 120 నుంచి 140 చదరపు అడుగులు, అదీ బాత్రూముతో కలిపి. 15 మీటర్లు దాటితే పెట్టె పూర్తిగా తెరిచి పెట్టుకోవచ్చు. 18 దాటితే ఇద్దరు ఒకరినొకరు తప్పుకోమనకుండా నడవొచ్చు.

తర్వాత మంచం. "సెమీ డబుల్" అన్న మాట మన దంపతుల్ని బాగా మోసం చేస్తుంది. దాని వెడల్పు 120 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు. ఇద్దరికీ ఇస్తామని సైటులో రాసి ఉంటుంది, ఇస్తారు కూడా. ఒకరు పక్కకు తిరిగితే రెండోవారు లేవాలి. ఇద్దరైతే ట్విన్, అంటే రెండు వేరు మంచాల గది తీసుకోండి, నాలుగు యెన్లు ఎక్కువైనా సరే. చిన్నపిల్లలు పెద్దవాళ్ల మంచం మీదే పడుకుంటే చాలాచోట్ల డబ్బు తీసుకోరు, కానీ ఏ వయసు వరకు అన్నది ఒక్కో హోటల్లో ఒక్కోలా ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మన దేశంలో గదికి అద్దె కడతాం, ఎంతమంది పడుకుంటామన్నది మన ఇష్టం. జపాన్‌లో అద్దె తలల లెక్కన మారుతుంది. ఒక్కరి పేరు మీద బుక్ చేసి ఇద్దరు వెళితే కౌంటర్ దగ్గరే ఆపి తేడా కట్టించుకుంటారు, లేదా ఆ గది ఇద్దరికి ఇవ్వలేమంటారు. బతిమాలినా లాభం లేదు. ఎంతమంది ఉంటారో అంతమందినీ ముందే రాయండి.

"కిన్‌ఎన్" అంటే పొగ తాగని గది, "కిత్సుఎన్" అంటే తాగే గది. చవగ్గా మిగిలిపోయి కనబడే గది చాలాసార్లు రెండోదే. సిగరెట్ వాసన కర్టెన్లకూ కార్పెట్‌కూ పట్టి ఉంటుంది, కిటికీ జానెడుకు మించి తెరుచుకోదు. ఒక్క రాత్రికే తలనొప్పి ఖాయం.

ధర విషయానికొస్తే, వారంలో శనివారం రాత్రి అన్నిటికంటే ప్రియం. ఒకే గది మంగళవారం 8,000 యెన్లు, అదే వారం శనివారం 15,000 పైన నేనే చూశాను. సకురా (చెర్రీ పూలు) పూసే మార్చి చివరి, ఏప్రిల్ మొదటి వారాలు, ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా సాగే గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు నడుమ ఒబోన్ పండుగ, కొత్త సంవత్సరం రోజులు తప్పించుకోగలిగితే తప్పించుకోండి. టోక్యోలో 2002 నుంచి బస పన్ను ఉంది, తలకు రాత్రికి 10,000 యెన్ల లోపు గదికి అది పడదు. ఒసాకా, క్యోతోల్లో లెక్క వేరు.

2. ఏ పేట?

నారిత విమానాశ్రయం నుంచి వచ్చేవారికి ఉయెనో అనుకూలం. కేసే స్కైలైనర్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది, ఊరు చుట్టి తిరిగే యమనోటె లైన్ కూడా అక్కడే ఎక్కొచ్చు. పక్కనే ఒకాచిమాచిలో భారతీయ భోజనం దొరుకుతుంది, ఆంధ్ర పేరు పెట్టుకున్న హోటల్‌తో సహా. హానెద నుంచి వచ్చేవారికి కమత దగ్గర. పాత టోక్యో చూడాలంటే అసకుస. ఆఫీసు ఒతెమాచి వైపు ఉండి, ఎక్కువ రోజులు ఉండాల్సివస్తే నిషి కసాయ్ చూడండి. తోజాయ్ మెట్రో లైను మీద ఉన్న ఆ పేటలో 2000 ప్రాంతం నుంచి మన దేశపు ఐటీ ఉద్యోగులు స్థిరపడ్డారు. కందిపప్పు, చింతపండు దుకాణంలో కొనుక్కోవచ్చు, వీధిలో తెలుగు కూడా చెవిన పడుతుంది.

ఉయెనోకు పక్క స్టేషనైన ఉగుయిసుదానిలో చవక గదులు చాలా కనిపిస్తాయి. "పెద్దలకు మాత్రమే" అని రాసి ఉంటే అది లవ్ హోటల్, జంటలు ఏకాంతం కోసం తీసుకునే గదులు. అత్తగారిని తీసుకుని వెళుతుంటే చూసి బుక్ చేయండి.

"స్టేషన్ నుంచి 5 నిమిషాలు" అన్న మాటను పెట్టె లేని జపాన్ మనిషి నడకగా అర్థం చేసుకోవాలి. ఇళ్ల ప్రకటనల్లో వాళ్లు నిమిషానికి 80 మీటర్ల లెక్క వేస్తారు. పెద్ద పెట్టె, చంకలో పిల్లాడు ఉంటే దానికి రెట్టింపు వేసుకోండి. స్టేషన్ లోపల లిఫ్ట్ ఉన్న గేటు వెతకడానికి పట్టే సమయం అదనం.

3. పెట్టెలో ఏం పెట్టుకోవాలి

జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదును పిన్నులు. మన గుండ్రటి పిన్నులు అక్కడ దూరవు, అడాప్టర్ తప్పనిసరి. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద "100–240" అని ఉంటే భయం లేదు. 230 వోల్టుల మన రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం తేవద్దు. వోల్టేజీ సగం కంటే తక్కువ కావడంతో వేడి ఐదో వంతుకు పడిపోతుంది, అన్నం నానుతుందే గాని ఉడకదు. అసలు గదిలో వండుకోనివ్వరు కూడా, పైకప్పులో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది.

టూత్‌బ్రష్, దువ్వెన, రేజరు, టవళ్లు, షాంపూ, రాత్రి దుస్తులు, చెప్పులు హోటలే ఇస్తుంది. చాలాచోట్ల ఇవి గదిలో ఉండవు, లాబీలో అల్మరాలో పేర్చి ఉంటాయి. ఎక్కేటప్పుడు కావలసినవి తీసుకెళ్లాలి. మొదటిసారి నేను ఇది తెలియక పదకొండో అంతస్తు నుంచి బ్రష్ కోసం మళ్లీ దిగాను.

పచ్చి కూరగాయలు, పళ్లు, కరివేపాకు లాంటి ఆకులు ధ్రువపత్రం లేకుండా విమానాశ్రయం దాటనివ్వరు. మాంసం ఉన్న పచ్చడి, మసాలా పొట్లం కూడా అంతే. కందిపొడి నిరభ్యంతరంగా పెట్టుకోండి. దాని విలువ మూడో రోజున తెలుస్తుంది.

4. హోటల్ కనిపెట్టడం, చెక్ ఇన్

పెద్ద కంపెనీలకు ఒకే స్టేషన్ చుట్టూ రెండు మూడు హోటళ్లు ఉంటాయి. బోర్డు ఒకటే, రంగు ఒకటే, పేరు చివర ఒక్క ముక్కే తేడా. ఒకసారి వానలో పెట్టె లాక్కుంటూ వెళ్లి కౌంటర్‌లో పాస్‌పోర్ట్ ఇస్తే ఆ అమ్మాయి జాబితా మూడుసార్లు చూసి, ఒక మ్యాపు కాగితం తీసి, ఎర్ర పెన్నుతో స్టేషన్ అవతలి వైపు సున్నా చుట్టింది. తప్పు నాదే. ఇప్పుడు హోటల్ పూర్తి పేరు, చిరునామా జపనీస్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని, ఏ గేటు నుంచి బయటికి రావాలో కూడా రాసుకుంటాను. కిత అంటే ఉత్తరం, మినమి దక్షిణం, హిగషి తూర్పు, నిషి పడమర. చివర "గుచి" తగిలితే ఆ వైపు ద్వారం. ఉయెనో లాంటి స్టేషన్లో తప్పు ద్వారం నుంచి బయటపడితే పది నిమిషాలు పోయినట్టే.

గది మధ్యాహ్నం 3 గంటలకో 4 గంటలకో గాని ఇవ్వరు. తెల్లవారుజామున దిగినవారు ఖంగారు పడొద్దు, పెట్టెలు కౌంటర్‌లో ఉచితంగా పెట్టించుకుంటారు. "నిమొత్సు" అంటే సామాను, ఆ మాట అని పెట్టె చూపిస్తే చాలు. బుకింగ్‌లో రాసిన సమయం కంటే ఆలస్యమయ్యేట్టుంటే తప్పకుండా ఫోనో మెసేజో చేయండి. చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి దాటితే రానట్టు లెక్కగట్టి గది తీసేసే హోటళ్లున్నాయి. రైళ్లు కూడా అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి.

జపాన్‌లో చిరునామా లేని విదేశీయులు పాస్‌పోర్ట్ చూపాలి, దాని నకలు తీసుకుంటారు. అందరిదీ తీసుకుంటారు, మనల్ని అనుమానించి కాదు. డబ్బు చాలాచోట్ల ముందే, యంత్రంలో కట్టాలి. స్క్రీన్‌లో ఇంగ్లిష్ ఉంటుంది. కార్డు పిన్ గుర్తుంచుకోండి. కార్డు పనిచేయకపోతే దగ్గర్లోని సెవెన్ ఎలెవెన్ ఏటీఎం విదేశీ కార్డులకు నగదు ఇస్తుంది. అంతస్తు లెక్కలో ఒక్క తిరకాసు: వాళ్ల ఒకటో అంతస్తు మన గ్రౌండ్ ఫ్లోర్.

5. తలుపు తీశాక

గుమ్మం పక్క గోడకున్న చీలికలో కార్డు పెడితే గాని దీపం వెలగదు. పెట్టెను మంచం కిందికి తోయండి, చాలా మంచాలకు అందుకే ఎత్తు కాళ్లు పెట్టారు. తెరవాలంటే మంచం మీద తెరిచి, పని కాగానే మళ్లీ కిందికి. కోటు గోడ మేకుకు. ఫ్రిజ్ చల్లగా లేకపోతే పాడైందనుకోకండి, లోపలో వెనకో స్విచ్ ఉంటుంది.

ఏసీ రిమోట్ జపనీస్‌లోనే ఉంటే ఫోను కెమెరాతో అనువాదం చేసుకోండి. రేయ్‌బో చల్లదనానికి, దంబో వేడికి, జోషిత్సు తేమ తీయడానికి. పాత హోటళ్లలో మేడ మొత్తానికి ఒకే యంత్రం ఉంటుంది. నవంబర్‌లో మీకు ఉక్కపోసినా అది వేడిగాలే పంపిస్తుంది. చలికాలంలో గది గాలి ఎండిపోయి గొంతు పట్టేస్తుంది. కౌంటర్‌లో అడిగితే తేమ యంత్రం ఇస్తారు. ఇస్త్రీ పెట్టె, చార్జర్ కూడా అడిగితే అరువిచ్చే వస్తువులే.

తలకు నూనె రాసుకునేవారు దిండు మీద సొంత తువ్వాలు పరుచుకోండి. ఆ తెల్లటి దిండు గలీబుకు కొబ్బరినూనె, పసుపు, కుంకుమ అంటితే వదలవు.

6. స్నానాల గది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. గోడలు, నేల, తొట్టి అన్నీ కలిపి కర్మాగారంలో తయారుచేసి తెచ్చి బిగించే ఈ పద్ధతిని యూనిట్ బాత్ అంటారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు హోటల్ న్యూ ఒతాని గడువులోగా పూర్తి కావాలని తోతో కంపెనీ వీటిని చేసిచ్చింది. విమానంలో మరుగుదొడ్డి కంటే కొంచెం పెద్దది. లోపలికి అడుగుపెట్టేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉంటుంది, రాత్రి నిద్రమత్తులో బొటనవేలు జాగ్రత్త.

స్నానం తొట్టి లోపలే నిలబడి చేయాలి. ప్లాస్టిక్ కర్టెన్ అంచును తొట్టి లోపలికి వేసుకోండి, బయటికి వదిలితే నీళ్లన్నీ కమోడ్ దగ్గరికి వస్తాయి. బకెట్, చెంబు ఉండవు. చాలా గదుల్లో వాష్ బేసిన్‌కూ తొట్టికీ కలిపి ఒకటే కుళాయి, పొడుగాటి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుకోవాలి. దాని పక్కన రెండు పిడులు. ఒకటి నీళ్లు కుళాయికా షవర్‌కా అని మార్చడానికి. చూడకుండా తిప్పితే, ముఖం కడుక్కోబోయిన మనిషి బట్టలతో సహా తడుస్తాడు. రెండోది వేడి అంకెలది. 40 దగ్గర ఆగిపోతుంది, ఇంకా వేడి కావాలంటే చిన్న బొత్తాం నొక్కిపట్టి తిప్పాలి. పిల్లలు కాలకుండా ఆ ఏర్పాటు.

కమోడ్ సంగతి మనకు శుభవార్త. 1980లో తోతో తెచ్చిన, నీళ్లు చిమ్మి కడిగే వాష్‌లెట్ రకం పీటలు దాదాపు అన్ని హోటళ్లలో ఉన్నాయి. కూర్చున్నాకే పనిచేస్తుంది. లేవకముందే ఆపు బొత్తాం నొక్కాలి, మామూలుగా అది చదరపు గుర్తుతో ఉంటుంది. ఒత్తిడి మొదట తక్కువలో పెట్టండి, చెప్పలేదనొద్దు. టాయిలెట్ కాగితం కమోడ్‌లోనే వేయాలి, చెత్తబుట్టలో కాదు.

కొన్ని హోటళ్లలో, డార్మీ ఇన్ లాంటి వాటిలో ముఖ్యంగా, పెద్ద వేడినీళ్ల సామూహిక స్నానాల గది ఉంటుంది. ఆడవారికీ మగవారికీ వేర్వేరు. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, అప్పుడు గాని తొట్టిలో దిగకూడదు. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచరు, తల మీద మడిచి పెట్టుకుంటారు. తువ్వాళ్లు గది నుంచే తీసుకెళ్లాలి. సిగ్గు మొదటి రెండు నిమిషాలే. రోజంతా ఇరవై వేల అడుగులు నడిచిన కాళ్లకు ఆ నీళ్లు ఏం చేస్తాయో దిగాక చూడండి.

7. తిండి

తొయోకో ఇన్, సూపర్ హోటల్, కంఫర్ట్ హోటళ్లలో పొద్దుటి ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటుంది. ఏడున్నరకు వెళితే వరుస లిఫ్ట్ దాకా ఉంటుంది. ఆరున్నరకు తెరవగానే వెళ్లండి. శాకాహారులకు అన్నం, బ్రెడ్, సలాడ్, పళ్లరసం, అదృష్టం బాగుంటే ఉడికించిన బంగాళాదుంప. మిసో సూప్ చూడ్డానికి శాకాహారమే, రుచి మాత్రం ఎండు చేప కషాయంది. "కూర" అనిపించే జపాన్ కర్రీలో మాంసం ఉంటుంది. జిగురు తీగలు సాగే సోయా గింజలు నత్తో. అది శాకాహారమే కానీ దానితో వచ్చే సాస్‌లో చేప సారం ఉంటుంది. వాసనకు తట్టుకోగలిగితే సాస్ పొట్లం పక్కన పెట్టి తినండి. నేనైతే తెల్లన్నంలో కందిపొడి కలుపుకుని మూల బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి.

రాత్రికి కన్వీనియన్స్ స్టోరే వంటిల్లు. ఉప్పు ఒనిగిరి (అన్నం ముద్ద), ఉమెబోషి ఊరగాయ పెట్టిన ఒనిగిరి మన పెరుగన్నానికి దూరపు చుట్టాలు. అన్నంలో చేప సారం కలిపేవీ ఉంటాయి కాబట్టి పొట్లం వెనక కెమెరాతో చదవాలి. సాదా పెరుగు దొరుకుతుంది, తియ్యటిది కాకుండా చూసుకోవాలి. స్టోర్ వాళ్లే వేడి చేసిస్తారు, లేదా హోటల్లో పానీయాల యంత్రం పక్కన మైక్రోవేవ్ ఉంటుంది. మాంసం తినేవారు డార్మీ ఇన్‌లో ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకు కిందికి దిగండి, చిన్న గిన్నె సోయా రామెన్ (నూడుల్స్ సూప్) ఉచితంగా పోస్తారు.

8. బట్టలు ఉతకడం

నాలుగు జతలతో రెండు వారాలు గడపొచ్చు. కింద కాయిన్ లాండ్రీ ఉంటుంది. ఉతకడానికి 200, 300 యెన్లు, ఆరబెట్టడానికి 20–30 నిమిషాలకు 100. నోటు వేయడానికి వీలుండదు, 100 యెన్ల నాణేలు జమచేసుకోండి. రాత్రి తొమ్మిది, పది మధ్య యంత్రాలన్నీ నిండి ఉంటాయి. కొన్ని హోటళ్లలో ఏది ఖాళీగా ఉందో గదిలో టీవీ తెర మీదే కనిపిస్తుంది. పని అయ్యాక బట్టలు తీయకపోతే తర్వాతివారు బుట్టలో వేసి పెడతారు. జీన్స్ వందతో ఆరదు, ఇంకో రెండు వందలు పెట్టుకోవాలి.

9. రోజువారీ పద్ధతులు

గోడలు పలచన. రాత్రి పదింటికి అమ్మకు స్పీకర్ పెట్టి వీడియో కాల్ చేస్తే పక్క గది మనిషి నేరుగా రాడు, కౌంటర్ నుంచి మర్యాదగా ఫోన్ వస్తుంది. మాట్లాడాలంటే లాబీకి దిగండి. బయటి స్నేహితుల్ని గదిలోకి రానివ్వరు, వాళ్లనూ లాబీలోనే కలవాలి. రోజూ గది ఊడవడం చాలాచోట్ల ఉండదు. టవళ్లు సంచిలో పెట్టి తలుపుకు తగిలిస్తారు, పాతవి బయట పెట్టాలి. ఊడ్చేది కావాలంటే పొద్దున్నే తలుపు మీద ఆ గుర్తు బిళ్ల అంటించాలి.

ఏదో ఒక రాత్రి మంచం ఊగుతుంది, లేదా ఫోన్లన్నీ ఒక్కసారిగా అరుస్తాయి. భూకంప నిబంధనలు 1981లో గట్టిపడ్డాక కట్టిన మేడలు ఊగడానికే తయారయ్యాయి. బయటికి పరిగెత్తకండి, కిటికీకి దూరంగా తల కాపాడుకోండి, ఊపు ఆగాక తలుపు తెరిచి పెట్టండి. లిఫ్ట్ ఎక్కకూడదు. మంచం పక్క గోడకున్న టార్చి పీకగానే వెలుగుతుంది, మొదటి రోజే ఎక్కడుందో చూసుకోండి.

10. వెళ్లేటప్పుడు

10 అంటే 10. చాలాచోట్ల పది, కొన్నిచోట్ల పదకొండు. దాటితే గంట లెక్కన కట్టాలి. తాళం కార్డు లాబీలో డబ్బాలో వేసి వెళ్లిపోవచ్చు, గది చూసి లెక్క చెప్పేదాకా నిలబెట్టరు. సాయంత్రం విమానమైతే పెట్టె కౌంటర్‌లో వదిలి తిరగండి.

క్యోతోకో ఒసాకాకో వెళుతుంటే పెట్టెను మోయొద్దు. కౌంటర్‌లో "తక్యూబిన్" అని అడిగితే ఫారం ఇస్తారు. తర్వాతి హోటల్ పేరు, చిరునామా, దిగే తేదీ రాసి డబ్బు కడితే మామూలుగా మరునాటికి అక్కడ ఉంటుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు భుజం సంచిలో ఉంచుకోండి. పాస్‌పోర్ట్ పెట్టెలో పెట్టి పంపేస్తే తర్వాతి కౌంటర్‌లో చూపడానికేమీ ఉండదు, పైగా విదేశీ యాత్రికులు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం.

బయలుదేరే ముందు గోడ ప్లగ్గు చూడండి. తెల్ల గోడకు తెల్ల అడాప్టర్ కనబడదు. నావి రెండు టోక్యోలోనే ఉన్నాయి.